చెవిలో బూజు పట్టిన ఏడాది

నేను పుట్టింది మెట్టలో. మా ఊరి చెరువు వేసవికి ఎండిపోయేది, వానాకాలంలో గేదెలకు చాలేది. ఆడపిల్లలు ఈత నేర్చుకోవడమన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. పెళ్ళయి రాజోలు దగ్గరికి వచ్చాక కాలవ గట్టు మీదే కాపురం. పెరట్లో కొబ్బరి చెట్లు దాటి నాలుగు మెట్లు దిగితే పంట కాలవ. ఇరవై ఏళ్ళు ఆ మెట్ల మీద గిన్నెలు తోమాను, బట్టలు జాడించాను. మోకాళ్ళు దాటే లోతుకు మాత్రం ఎప్పుడూ దిగలేదు.

ఉద్యోగం టీచరు. గోదావరి పాయకు అవతల ఒక లంకలో చిన్న బడికి నన్ను వేశారు. పొద్దున్నే స్కూటీ మీద రేవు దాకా వెళ్ళి, బండి అక్కడ పాకలో పెట్టి, ఇంజను పడవ ఎక్కేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే పడవ. మొదటి నెల భయపడ్డాను, తర్వాత అలవాటైపోయింది. పడవలో కూర్చునే పిల్లల పుస్తకాలు దిద్దేదాన్ని.

ఆ ఏడు వరద తీసిన కొత్తలో, పడవలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక, ఒక ఉదయం నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగి కిందికి కొట్టుకుపోసాగింది. పడవాయన గెడ తీసి వేశాడు, అడుగు అందలేదు. లైఫ్ జాకెట్లు ముందు వైపు కొక్కేనికి కట్టగా కట్టి ఉన్నాయి, ఆ ముడి ఎవరికీ ఊడలేదు. ఎవరూ అరవలేదు. మగవాళ్ళు చొక్కాలు విప్పి మోటారు సైకిళ్ళను పట్టుకుని నిలబడ్డారు. నా పక్కన కూరగాయల బుట్టతో ఉన్నామె చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని నా వైపు చూసింది.

"మీకు ఈత వచ్చాండీ టీచరుగారూ?"

"రాదండి."

"అయితే ఆ సంచీ వదిలేసి ఈ బల్ల పట్టుకోండి. ఊడొచ్చినా తేలుద్ది."

ఆమె మాటలో కంగారేమీ లేదు. నేను బల్ల పట్టుకున్నాను. నా పుస్తకాల సంచీ ఎక్కడుందో కూడా నాకు తెలియలేదు. కొంత దూరం పోయాక పడవ ఒక ఇసుక మేటకు తట్టుకుని ఆగింది. ఇంకో పడవ వచ్చి లాక్కుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. నేను బడికి వెళ్ళి హాజరు వేశాను, పాఠం చెప్పాను. సాయంత్రం పడవలో మాత్రం బల్ల వదలకుండా కూర్చున్నాను.

ఇంట్లో చెప్పాను. మా ఆయన అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేస్తారు, కాయలూ ఎండబెట్టిన కురిడీలూ లారీలకెత్తి బయటి రాష్ట్రాలకు పంపుతారు. ఆయన మొదటి మాట, "ఈసారి కౌన్సెలింగులో బదిలీ పెట్టేసుకో. ఈ పడవల మీద ఎన్నాళ్ళు తిరుగుతావు?"

నేను ఒప్పుకోలేదు. ఆ బడిలో పిల్లలు అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. అదొక్కటే కారణమూ కాదు. భయం వేసిన చోటల్లా పక్కకు జరుగుతూ పోతే నాకు మిగిలేది వంటిల్లే అనిపించింది.

మా అత్తగారు అరుగు మీద కూర్చుని చీపురు పుల్లలు చీరుతున్నారు. ఆవిడకు డెబ్బై దగ్గర పడ్డాయి. తలెత్తకుండానే అన్నారు, "బదిలీ ఎందుకురా? ఈత నేర్పితే సరిపోద్ది."

"ఈ వయసులో ఎవరు నేర్పుతారమ్మా?"

"నేనే నేర్పుతాను."

అత్తగారు లంకలో పుట్టిన మనిషి. పెళ్ళికి ముందు గడ్డి మోపు తల మీద పెట్టుకుని పాయ ఈదుకొచ్చేవారట. ఆ సంగతి పెళ్ళయిన కొత్తలో విన్నాను, నమ్మలేదు.

వినాయక చవితి వెళ్ళాక మొదలుపెట్టాం. నేను బడి నుంచి వచ్చి టీ తాగిన వెంటనే ఆవిడ పీచు తియ్యని ఎండు కొబ్బరికాయలు రెండు తాడుతో జంట కట్టి నా పొట్ట కిందికి వచ్చేలా బిగించారు. నాకు పాత చుడీదారు, ఆవిడకు గోచీ పోసి కట్టిన నేత చీర. అవతలి గట్టు మీద సైకిళ్ళు ఆపుకుని జనం చూసేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ ఒక్కసారి తల తిప్పి, "ఏం బాబూ, మీ ఇంట్లో ఎవరూ నీళ్ళోసుకోరా?" అన్నారు. తర్వాతి రోజుల్లో ఎవరూ ఆగలేదు.

"కాళ్ళు అలా బల్లలా బిగబట్టకు. గోంగూర కట్టలా వదిలెయ్యి."

"వదిలేస్తే మునిగిపోతున్నానండి అత్తయ్యగారూ."

"మునుగు. మునిగితేనే కదా పైకి రావడం తెలిసేది."

పొట్ట కింద చెయ్యి పెట్టి ఆవిడ నన్ను మోసేవారు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ చెయ్యి నా ఒంటి మీద అంతసేపు ఉండడం అదే మొదలు. రోజూ తల ముంచమనేవారు, తల మునిగితే గానీ భయం పోదని ఆవిడ నమ్మకం. నేను ముంచేదాన్ని. కాలవ ఇంకా వరద ఎరుపులోనే ఉంది. చెవుల్లో నీళ్ళు నిండి బుడబుడమనేవి. గట్టెక్కి తల పక్కకు వంచి, ఒంటికాలి మీద గెంతితే కాస్త కారేవి, కాస్త లోపలే ఉండిపోయేవి.

దసరా సెలవుల నాటికి కాయలు లేకుండా నాలుగు బారలు వెళ్ళగలిగాను. ఆ సెలవుల్లోనే కుడి చెవిలో దురద మొదలైంది.

మామూలు దురద కాదది. వేలు అందని చోట, ఎక్కడో గొంతుకు దగ్గరగా, చీమ పాకినట్టు. హెయిర్‌పిన్నుతో గోకాను. గోకుతున్నంతసేపూ హాయి, ఆపగానే రెట్టింపు. అత్తగారు చూసి, కొబ్బరి నూనెలో వెల్లుల్లి రేకలూ వామూ వేసి వెచ్చబెట్టి, ఒడిలో నా తల పెట్టుకుని చెవిలో పోశారు. ఆ ఇంట్లో జలుబైనా, పంటి నొప్పైనా, చెవి పోటైనా అదే మందు. మా ఆయన చెవుల్లో పోసి పెంచారు, ఆవిడ చెవుల్లో ఆవిడే ఇప్పటికీ పోసుకుంటారు. ఆ రాత్రికి దురద తగ్గినట్టే ఉంది. మర్నాడు మళ్ళీ పోశారు.

నాలుగైదు రోజులు గడిచేసరికి చెవి దిబ్బడేసింది. దూదితో మూసినట్టు. బడి తెరిచాక ఒక పిల్ల లేచి పాఠం చదువుతుంటే ఆ పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట మాత్రం ఎడమ చెవితోనే వినాలి. "గట్టిగా చదువమ్మా" అన్నాను. పిల్ల గట్టిగానే చదువుతోందని మిగతా పిల్లల మొహాలు చూస్తే తెలిసింది.

మా సెంటర్లో ఆర్‌ఎంపీ డాక్టరుగారు టార్చి వేసి చూసి, చీము పట్టిందని యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు. వారం వేసుకున్నాను. తగ్గకపోగా నొప్పి దవడ దాకా దిగింది. అన్నం నమిలితే చెవిలో పొడిచినట్టుండేది. దిండు మీద తడి మరక, దానికి ముక్క వాసన.

ఈత ఆగిపోయింది. మా ఆయన, "ఇంక చాల్లే, అమ్మకి పని లేదు, నీకు బుద్ధి లేదు" అన్నారు. కోపంగా కాదు, విసుగ్గా. మర్నాడు లారీ పనులు వేరేవాళ్ళకు అప్పజెప్పి, నన్ను బండి మీద అమలాపురం తీసుకెళ్ళారు, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషే. మాట నెమ్మది. సన్నటి గొట్టం లాంటి కెమెరా చెవిలో పెట్టి, పక్కనున్న టీవీ తెర మా వైపు తిప్పారు. నా చెవి లోపల అంత పెద్దదిగా, ఎర్రగా, ఎవరిదో గుహలా కనిపించింది. లోపల తడిసిన న్యూస్‌పేపరు ఉండ చుట్టి కుక్కినట్టు ఏదో ఉంది. దాని మీద తెల్లటి నూగు, నూగు చివర్లలో నల్లటి చుక్కలు, గసగసాలు చల్లినట్టు.

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మా ఆయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని చూశారు.

"ఇది బూజు కదండీ. సరిగ్గా ఆరని కురిడీకి లోపల పట్టేస్తుంది, అచ్చం ఇలాగే."

"ఆయ్, దాని చుట్టమేనండి," అన్నారు డాక్టరమ్మ. "ఫంగస్. తడీ వెచ్చదనమూ ఉంటే చాలు, దానికి కురిడీ అయినా ఒకటే, చెవి అయినా ఒకటే. ఈత కొడుతున్నారా? నూనె పోసేరా?"

రెండిటికీ అవునన్నాను. ఆర్‌ఎంపీ చుక్కల సీసా చూపించాను.

ఆవిడ తప్పుబట్టలేదు, విడమరిచి చెప్పారు. చెవికి గులిమే కాపలా. నీళ్ళలో నానితే అది కొట్టుకుపోయి, చర్మం మెత్తబడుతుంది. పిన్నుతో గోకితే గీట్లు పడతాయి. నూనె పోస్తే లోపలి తడి ఆరకుండా మూతపడుతుంది. యాంటీబయాటిక్ చుక్కలు బాక్టీరియాను చంపుతాయి గానీ ఫంగస్‌ను ఏమీ చెయ్యవు, పైగా పోటీ పోయి దానికి చోటు ఖాళీ అవుతుంది.

"ముందు ఇదంతా తీసెయ్యాలండి. అది అక్కడుండగా మందు చర్మానికి తగలదు."

సన్నటి గొట్టంతో పీల్చి తీశారు. చెవిలోంచి లారీ వెళ్ళినంత చప్పుడు, గది గిర్రున తిరిగింది. మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. బయటికొచ్చిన దాన్ని చూడమంటే చూడలేదు. తీసిన మరుక్షణం ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. అంతసేపూ ఆ గదిలో ఫ్యాను తిరుగుతోందనే నాకు తెలియదు.

క్లోట్రిమజోల్ చుక్కలు రాశారు. రోజుకు మూడుసార్లు, పక్కకు పడుకుని వేయించుకుని, అలాగే కాసేపు ఉండాలి. స్నానం చేసేటప్పుడు దూదికి వాజలీను రాసి చెవిలో పెట్టుకోవాలి. పిన్నులూ బడ్సూ పెట్టకూడదు, నూనె అసలు పనికిరాదు. వారానికోసారి వచ్చి చూపించుకుని శుభ్రం చేయించుకోవాలి.

"ఇంకోటి. మూడు రోజులకే మీకు హాయిగా ఉంటుంది. హాయిగా ఉంది కదా అని మందు ఆపకండి. కంటికి కనబడనిది ఇంకా ఉంటుంది."

"మళ్ళీ ఈతకి వెళ్ళొచ్చాండీ?"

మా ఆయన నా వైపు అదోలా చూశారు. డాక్టరమ్మ నవ్వారు. "ముందు ఇది పోనివ్వండి. తర్వాత ఆ మాట నన్ను మళ్ళీ అడగండి. వద్దని మాత్రం ఇప్పుడు అనను."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో అత్తగారు వెచ్చబెట్టిన నూనె గిన్నెతో సిద్ధంగా ఉన్నారు. డాక్టరమ్మ ఏం చెప్పారో మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. నూనె దగ్గరికొచ్చేసరికి నేను కళ్ళతో సైగ చేశాను, ఆయన చూడలేదు. అత్తగారు గిన్నె కింద పెట్టి, "నా చేత్తో పోసిన నూనెకి బూజు పట్టిందన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టేవారు, కాఫీ ఇచ్చేవారు. 

నేను మందు మీద పడ్డాను. పొద్దున్న, రాత్రి చుక్కలు మా ఆయన వేసేవారు. మధ్యాహ్నం బడిలో, పిల్లలకు భోజనం వండే ఆమె వేసేది. నేను బల్ల మీద పక్కకు పడుకుంటే పిల్లలు కంచాలు చేత పట్టుకుని చుట్టూ మూగేవాళ్ళు. ఒక పిల్ల, "టీచరుగారి చెవిలోకి పురుగు దూరిందంట" అంటే, నేను పడుకునే దానికి జవాబు చెప్పాను. తడి చెవి, బూజు, పుల్లలు పెట్టకూడదు, అన్నీ. అది ఆ రోజు పాఠమైంది.

డాక్టరమ్మ చెప్పినట్టే మూడు రోజులకు దురద సగం చచ్చింది. చుక్కలు వేసినప్పుడు మొదట చురుక్కుమనేది, అదీ పోయింది. వారం నాటికి వెళ్తే తెర మీద తెల్లటి నూగు దాదాపు లేదు, ఎర్రబారిన చర్మం మాత్రం ఉంది. అక్కడక్కడ మిగిలింది తీసి, అవే చుక్కలు కొనసాగించమన్నారు. మనసు తేలికపడింది.

అంతలో వాయుగుండం పట్టింది. రోజుల తరబడి వాన. పడవ మీద గొడుగు నిలవలేదు, ఈదురుగాలి వానకు తలా ఒళ్ళూ ముద్దయ్యాయి. బడి మూయలేదు కాబట్టి నేనూ మానలేదు. దూది పెట్టుకునే వెళ్ళాను, ఆ దూదే తడిసి చెవిలో నీళ్ళు పిండింది. మందు ఒక్క పూట కూడా మానకపోయినా చెవి మళ్ళీ దిబ్బడేసింది. ఈసారి అమలాపురం బస్సులో ఒక్కదాన్నే వెళ్ళాను. తెర మీద మళ్ళీ ఆ నల్లచుక్కలే కనిపించాయి.

నాకు ఏడుపొచ్చింది. "మందు నాకు పనిచెయ్యదేమోనండి."

"చేస్తోందండి. పోయినసారి మీరే చూసేరు కదా. తడి మనకంటే ముందుంటోంది, అంతే."

ఆవిడ మళ్ళీ అంతా పీల్చి తీసి, కొంచెం సీసాలో పెట్టి పరీక్షకు కాకినాడ పంపారు, ఏ రకం ఫంగసో తెలుస్తుందని. ఈసారి మందు పూసిన సన్నటి గుడ్డ పీలిక చెవిలో పెట్టారు, మందు చర్మానికి అంటుకుని ఉండేలా. అది తీసి మళ్ళీ పెట్టడానికి మధ్యలో రమ్మన్నారు. పరీక్షలో వచ్చినదాన్ని బట్టి ఇంకో మందు మార్చారు.

ఆ బస్సులో తిరిగొస్తూ ఒకటి నిశ్చయించుకున్నాను. మందు పని మందు చేస్తుంది, తడిని ఆపడం నా పని. ప్లాస్టిక్ టోపీ ఒకటి, రెయిన్‌కోటు ఒకటి కొన్నాను. పడవలో ఆ టోపీ మీద స్కార్ఫు కట్టుకుని కూర్చుంటే రేవులో నవ్వారు. నవ్వనిచ్చాను. తలంటి ఆదివారానికే, అదీ చెవి మూసుకుని, తల వెనక్కి వంచి. తర్వాత జుట్టు ఆరబెట్టే మిషను చెయ్యి చాపినంత దూరంలో పెట్టి, తక్కువ వేడిలో చెవి దగ్గర గాలి ఆడనిచ్చేదాన్ని. దురద వచ్చినప్పుడు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, నూటొకటి నుంచి వెనక్కి లెక్కపెట్టేదాన్ని. హెయిర్‌పిన్నులన్నీ మూట కట్టి అవతల పారేశాను.

ఇంతలో కార్తీకం వచ్చింది. మా వీధి ఆడవాళ్ళంతా తెల్లవారుజామున గోదావరికి బయల్దేరేవారు, ఏటా నేనూ వెళ్ళేదాన్ని, గట్టు మీద చెంబుతో పోసుకుని వచ్చేదాన్ని. ఈసారి తల తడపనన్నాను. పక్కింటి పిన్నిగారు ఊరుకోలేదు.

"కార్తీక సోమవారం తలస్నానం చెయ్యకపోతే ఎలాగమ్మా? ఒక్క మునకకి ఏమవుద్ది?"

నేను జవాబు వెతుక్కుంటుంటే వెనకనుంచి అత్తగారు అందుకున్నారు. "తల మీద నాలుగు చుక్కలు జల్లుకుంటుందిలే. దేవుడు చెవిలో నీళ్ళు పోసుకు రమ్మన్లేదు."

అప్పటికి ఆవిడ నా గురించి ఒక మాట మాట్లాడి నెల దాటింది. ఇంటికొచ్చాక నా మందు సీసా చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, "పడుకో, నేనేస్తాను" అన్నారు. మళ్ళీ ఆవిడ ఒడిలోనే తల పెట్టుకున్నాను. చుక్కలు వేసి, చెవి ముందున్న మృదువైన చోట వేలితో మెల్లగా నొక్కారు, మందు లోపలికి దిగేలా. డాక్టరమ్మ చెప్పిన ఆ సంగతి నేను మా ఆయనకు గుర్తుచేస్తుంటే, అత్తగారు ఎప్పుడో గుమ్మం వెనక నుంచి విని ఉంటారు.

"మా అమ్మ నాకు పోసింది, నేను వాడికి పోసేను. బాగానే ఉన్నాం అనుకున్నాను," అన్నారు సీసాకు మూత పెడుతూ.

"బాగు చెయ్యాలనే పోసేరు కదండీ."

"అది సరేలే."

మార్చిన ఆ మందుకు చెవి లొంగింది. వెళ్ళిన ప్రతిసారీ తెర మీద ఎరుపు తగ్గుతూ వచ్చింది. ధనుర్మాసం చలికి చివరిసారి చూపించుకున్నప్పుడు లోపల ముత్యపు చిప్పలా మెరుస్తున్న కర్ణభేరిని చూపించి, "ఇదీ మీ అసలు చెవి" అన్నారు డాక్టరమ్మ. చిల్లు లేదు, వినికిడి పరీక్షలో రెండు చెవులూ ఒక్కలా ఉన్నాయి. నేను పాత ప్రశ్న అడిగాను. ఇంకో రెండు నెలలు ఆగి, వరద నీళ్ళు కాని మంచి నీళ్ళలో, చెవికి సరిపోయే సిలికాన్ బిరడాలు పెట్టుకుని, తల పైనే ఉంచి ఈదమన్నారు. బయటికి రాగానే ఆరబెట్టుకోవాలి. దురద మొదలైతే ఆ రోజే ఈత ఆపాలి.

ఇంటికొచ్చి చెబితే అత్తగారి మొహం విప్పారింది. "మాఘమాసంలో నీళ్ళు తేరుకుంటాయి. అప్పుడు దిగుదాం."

అప్పుడు నేను చాలా రోజులుగా మనసులో ఉన్నది బయటపెట్టాను. ఆవిడ టీవీ పెట్టే శబ్దం వీధి చివరికి వినబడేది. పిలిస్తే ఎడమ వైపుకే తిరిగేవారు. కుడి చెవిలో పక్షి ఈకతో గోక్కోవడం నేను చూశాను.

"మీరూ ఒకసారి చూపించుకోండి అత్తయ్యగారూ. నేను తీసుకెళ్తాను."

"నాకేం వచ్చింది? ముసలి చెవి. ఎంత వినాలో అంతా వినేసింది."

"మీరు చూపించుకుంటేనే నేను నీళ్ళలోకి దిగుతాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "బెదిరిస్తన్నావా?"

"ఆయ్."

మూడు రోజులు బిగుసుకున్నారు. నేనూ బిగుసుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని, "బస్సు ఎన్నింటికి?" అన్నారు.

ఆవిడ చెవిలో బూజు కన్నా పెద్ద సంగతి బయటపడింది. ఏళ్ళ నూనె, గులిమి, వాటి మీద ఫంగస్ గట్టిగా అట్టకట్టి ఉన్నాయి. అది మెత్తబరిచి కొంచెం కొంచెంగా తీశాక, కర్ణభేరిలో చిల్లు కనిపించింది. పాతది. చిన్నప్పుడు చెవిలో చీము కారేదని ఆవిడే చెప్పారు. డాక్టరమ్మ నాకు వాడిన చుక్కలు ఆవిడకు వద్దన్నారు, చిల్లులోంచి మధ్య చెవిలోకి దిగుతాయని. శుభ్రం చేసిన ప్రతిసారీ తనే చిల్లు అంచులు తప్పించి మందు పూసేవారు. ఇదే కాదు, రక్త పరీక్ష చేయిస్తే చక్కెర బాగా ఎక్కువుంది. అది అదుపులోకి రాకపోతే ఫంగస్ మళ్ళీ మళ్ళీ వస్తుందన్నారు. షుగరుకు మాత్రలు మొదలయ్యాయి, సాయంత్రం కాఫీలో బెల్లం మానేశారు. ఆ మానడానికి నా చెవి మీద చేసిన పోరాటం కన్నా పెద్ద పోరాటం జరిగింది మా ఇంట్లో.

నాకు పట్టిన దానికి రెట్టింపు కాలం పట్టింది ఆవిడకు. వినికిడి పూర్తిగా రాలేదు. చిల్లు పూడ్చే ఆపరేషను ఉందంటే అక్కర్లేదన్నారు. కానీ టీవీ శబ్దం తగ్గింది. ఒక మధ్యాహ్నం పెరట్లో నిలబడి, "ఉడతలు ఇంత గోల చేస్తాయేంటి?" అని నన్నడిగారు.

ఒక్కటి మాత్రం ఆవిడకు కష్టమైంది. ఆ చెవితో ఇక ఎప్పుడూ తల నీళ్ళలో ముంచకూడదు.  డాక్టరమ్మ ఆ మాట చెప్పిన రోజు బస్సులో సగం దారి వచ్చాక, కిటికీ లోంచి చూస్తూ, "పెళ్ళికి ముందు రోజు కూడా మునిగేను నేను గోదాట్లో" అన్నారు. నేను ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేశాను. తీసెయ్యలేదు.

మాఘమాసంలో మళ్ళీ దిగాం. కాలవ నీళ్ళు తేరుకుని అడుగున నాచు కనిపిస్తోంది. నా చెవుల్లో బిరడాలు, తలకు టోపీ. ఆవిడ ఇప్పుడు నడుము లోతుకు మించి రారు, చెవిలో దూది పెట్టుకుని, నన్ను ముందుకు నెట్టి వదిలేసేవారు. చెవులు మూసుకుని ఉండడంతో ఆవిడ చెప్పేది నాకు వినబడేది కాదు, నేను చెప్పేది ఆవిడకు సగమే వినబడేది. చేతులతో సైగలు చేసుకునేవాళ్ళం. ఒక సాయంత్రం తెలియకుండానే అవతలి గట్టు తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నారు.

ఎండలు ముదరకముందు, ఏరు సన్నబడి నిదానంగా ఉన్న ఒక ఆదివారం, లంక దగ్గర ఇసుక తిన్నె నుంచి తిన్నెకు ఈదాను. మా ఆయన చిన్న పడవలో పక్కనే వచ్చారు, చేతిలో తాడుతో, మొహంలో నెత్తురు లేకుండా. సగంలో నా కాలికి నేల అందలేదు. ఆ క్షణం భయం వేసింది, బాగానే వేసింది. కాళ్ళు వదిలేశాను, చేతులు ఆడించాను, అవతలి ఇసుక మీద మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆయన తాడు పడవలో పడేసి, "ఇంక బదిలీ మాట ఎత్తనులే" అన్నారు.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఎంత జాగ్రత్తపడినా ఈసారి ఎడమ చెవిలో చీమ పాకింది. పిన్ను వెతకలేదు. అత్తగారికి చెప్పాను. ఆవిడ వంటింట్లోంచే, "రేపు పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళు, బడికి సెలవు పెట్టెయ్యి" అన్నారు. వెళ్ళాను. అప్పుడే మొదలైంది కాబట్టి ఒకసారి శుభ్రం చేసి, చుక్కలు ఇచ్చారు. వాటికే లొంగింది. తగ్గాక కూడా డాక్టరమ్మ చెప్పిన రోజు దాకా సీసా వదల్లేదు. ఈ చెవులకు ఇది ఏటా రావచ్చని ఆవిడ ముందే చెప్పారు. వస్తే వెళ్తాను. కాలవలో ఎరుపు పోయి నీళ్ళు తేరుకునేదాకా ఈత మానేసి, పెరటి మెట్ల మీద కూర్చుని కాళ్ళాడిస్తున్నాను.